ఆర్మీ లీడర్‌షిప్ ఇంజనీరింగ్ టీమ్‌లో పనికొస్తుందా? తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్తగా టీమ్ లీడ్ అయినవాళ్లతో ఎప్పుడు మాట్లాడినా అవే సందేహాలు వస్తున్నాయి. అందుకే జవాబులన్నీ ఒకచోట రాసిపెట్టాను. నేను ఇంజనీరింగ్ టీమ్‌లు నడిపే పనిలో ఉన్నాను, సైన్యంలో చేసి వచ్చినవాళ్లతో కలిసి పనిచేశాను, వాళ్ల దగ్గర నేర్చుకున్నది చాలా ఉంది. వరసగా చదవక్కర్లేదు. మీకు ఇబ్బంది ఏ దశలో ఉందో నేరుగా అక్కడికి వెళ్లండి.

## మొదలుపెట్టే ముందు

మేం రాసేది కోడ్, చేసేది యుద్ధం కాదు. మాకు ఆర్మీ పద్ధతులు ఎందుకు?

సమాచారం సగమే ఉంది, టైమ్ లేదు, పని చేస్తున్న మనిషి లీడర్‌కి కనబడనంత దూరంలో ఉన్నాడు. అలాంటప్పుడు సరైన నిర్ణయం ఎలా జరగాలి? సైన్యాలు రెండొందల ఏళ్లుగా ఈ ప్రశ్నతోనే కుస్తీ పడుతున్నాయి, దెబ్బ తిన్నప్పుడల్లా కూర్చుని పద్ధతి మార్చుకుంటున్నాయి. రాత్రి రెండింటికి సర్వర్ పడిపోయినప్పుడు ఆన్-కాల్‌లో (సర్వర్ సమస్య వస్తే లేచి చూసుకునే వంతులో) ఉన్న కుర్రాడి పరిస్థితి కూడా ఇదే కదా.

మీరు ఇప్పటికే వాడుతున్నవి కొన్ని అక్కణ్ణుంచి వచ్చినవే. 1935 అక్టోబర్ 30న అమెరికాలో డేటన్ దగ్గర రైట్ ఫీల్డ్‌లో బోయింగ్ మోడల్ 299 అనే కొత్త బాంబర్ పైకి లేచిన కాసేపటికే కూలిపోయింది. ఇంజిన్లలో లోపం లేదు, పైలట్ మంచి అనుభవం ఉన్నవాడు. విమానం ఆగి ఉన్నప్పుడు గాలికి కంట్రోల్స్ కదలకుండా వేసే లాక్ తీయడం మర్చిపోయారు, అంతే. ఆ తర్వాత పైలట్లు చెక్‌లిస్ట్ రాసుకుని ఎగరడం మొదలుపెట్టారు, ఆ విమానమే బి-17 పేరుతో వేలల్లో తయారైంది. మీరు డిప్లాయ్ చేసేముందు, అంటే కొత్త కోడ్‌ని వాడుకలోకి పెట్టేముందు, టిక్ పెట్టుకునే జాబితా ఆ కుటుంబానిదే.

ఇంకో కారణం కూడా ఉంది, నాకు ఇదే ముఖ్యం. సైన్యంలో లీడర్‌ని కూర్చోబెట్టి తయారుచేస్తారు. మన దగ్గర బాగా కోడ్ రాసే మనిషిని పిలిచి సోమవారం నుంచి నువ్వు లీడ్ అంటాం, శిక్షణ అన్న మాటే ఉండదు.

ఆర్మీ అంటేనే 'ఎస్ సార్' కదా, అలా ఆర్డర్లు వేస్తే మా ఇంజనీర్లు రెండో రోజే పేపర్లు పెట్టేయరా?

పెట్టేస్తారు, పెట్టాలి కూడా. కానీ యుద్ధంలో మంచి సైన్యాలు అలా నడవవు, మనకి అలా అనిపించేది పెరేడ్ చూసి.

1806లో యేనా, ఆవర్‌ష్టెట్ దగ్గర నెపోలియన్ చేతిలో అప్పటి జర్మన్ రాజ్యం ప్రష్యా సైన్యం ఒకే రోజున చిత్తుగా ఓడింది. డ్రిల్లులో ఆ సైన్యాన్ని మించినవాళ్లు లేరు, కానీ పైనుంచి ఆర్డర్ వచ్చేదాకా కదలడం తెలియదు. ఆ దెబ్బతో షార్న్‌హోర్స్ట్, గ్నైజెనావ్ లాంటి ఆఫీసర్లు సైన్యాన్ని తిరగరాయడం మొదలుపెట్టారు, 1857లో జనరల్ స్టాఫ్ చీఫ్ అయిన మోల్ట్కె దాన్ని పూర్తి పద్ధతిగా మార్చాడు. ఏం సాధించాలో, ఎందుకు సాధించాలో పైవాడు చెప్తాడు, ఎలా అన్నది అక్కడ నిలబడ్డ ఆఫీసర్ చూసుకుంటాడు. జర్మన్లు దీన్ని ఆఫ్ట్రాగ్స్‌టాక్టిక్ అంటారు, అమెరికన్ ఆర్మీ మిషన్ కమాండ్ అంటుంది. అమెరికన్ ఆర్మీ 2019 మాన్యువల్లో దీనికి 7 సూత్రాలు రాసుకున్నారు. మొదటిది సామర్థ్యం, రెండోది పరస్పర నమ్మకం. విధేయత అన్నది ఆ ఏడింటిలో విడిగా లేనే లేదు.

మరి సైన్యం నుంచి తెచ్చుకోకూడనివి ఏవి?

త్యాగం అడగడం తెచ్చుకోకండి. సైనికుడు నచ్చకపోతే నోటీసిచ్చి వెళ్లిపోలేడు, ప్రాణం పోయే చోటికి వెళ్లమంటే వెళ్లాలి. దానికి బదులుగా పెన్షన్, కుటుంబానికి ఆసుపత్రి, పిల్లల చదువు, పోయాక కూడా ఇంటివాళ్ల బాగోగులు దేశం తన మీద వేసుకుంటుంది. రెండు నెలల జీతం చేతిలో పెట్టి పంపేయగల కంపెనీకి 'ప్రాణం పెట్టి పనిచేయండి' అనే హక్కు లేదు.

మామూలు రిలీజ్‌కి వార్ రూమ్ అని పేరు పెట్టి వారాంతాలు తినేయడం, పక్క టీమ్‌ని శత్రువులా మాట్లాడటం, అందరిముందు నిలబెట్టి తిట్టడం, ఇవీ వద్దు. చాలా కంపెనీలు సైన్యం నుంచి క్రమశిక్షణ ఒక్కటే తీసుకుని, దాని వెనకున్న బాధ్యతని వదిలేస్తున్నాయి. అలా సగం తెచ్చుకోవడం కంటే అసలు తెచ్చుకోకపోవడమే మంచిది.

## కొత్తగా లీడ్ అయ్యాక

మా టీమ్‌లో నాకంటే పదేళ్ల సీనియర్లున్నారు. వాళ్లకి పని ఎలా చెప్పాలి?

మన ఆర్మీలో ఇది రోజూ జరిగేదే. అకాడమీ నుంచి వచ్చిన 22, 23 ఏళ్ల లెఫ్టినెంట్ చేతికి ముప్పై మంది చిల్లర ఉన్న ప్లాటూన్ ఇస్తారు. అందులో ఉండే నాయబ్ సుబేదార్‌కి ఇరవై ఏళ్ల సర్వీసు ఉండొచ్చు, ఈ కుర్రాడు బళ్లోకి వెళ్లకముందే ఆయన యూనిఫామ్ వేసుకుని ఉంటాడు. హోదాలో కుర్రాడే పైన, అయినా ఆయన్ని 'సాబ్' అనే పిలుస్తాడు. మొదటి నెలల్లో బుద్ధున్న లెఫ్టినెంట్ చేసేది ఆయన పక్కన నడవడం, జవాన్ల పేర్లు, ఊళ్లు, ఇంటి సంగతులు తెలుసుకోవడం, ఆయుధాలు తానే విప్పి బిగించి చూడటం. జవాన్ల భాష రాకపోతే అదీ నేర్చుకుంటాడు, మద్రాస్ రెజిమెంట్‌కి వెళ్లిన ఉత్తరాది ఆఫీసర్ తమిళం నేర్చుకున్నట్టు.

మీరూ అంతే. సీనియర్‌ని పాత అలవాటు ప్రకారం 'అన్నా' అనో 'గారు' అనో పిలుస్తూనే ఉండండి, దానివల్ల మీ హోదా తగ్గదు. నిర్ణయానికి ముందు ఆయన్ని విడిగా అడగండి: 'ఇందులో ఎక్కడ దెబ్బతింటాం అన్నా?' ఆయన చెప్పింది విని, తర్వాత నిర్ణయం మీరే తీసుకోండి. ఆయన సలహా కాదని వేరే దారి పట్టినప్పుడు ఎందుకో మీటింగ్‌కి ముందే ఆయనకి చెప్పండి. నలుగురిలో తెలిస్తే మనసు కష్టపడుతుంది, అది చాలాకాలం పోదు.

లీడ్ అయ్యాక కూడా నేను కోడ్ రాయాలా?

రోజంతా రాయక్కర్లేదు, కానీ చదవడం మానకూడదు. అమెరికన్ మెరైన్లు నేర్చుకునే 11 లీడర్‌షిప్ సూత్రాల్లో ఒకటి ఆఫీసర్‌కి తన వృత్తి పని స్వయంగా రావాలని చెప్తుంది. రివ్యూలు చేయండి, ఆన్-కాల్ వంతు ఒకటి తీసుకోండి, కొత్తవాళ్లకి ఇచ్చే సెటప్ సూచనలు ఒకసారి మీరే పాటించి చూడండి. అందరి దారికి అడ్డుపడే ముఖ్యమైన ముక్క మాత్రం మీ దగ్గర పెట్టుకోకండి, మీ మీటింగులు దాన్ని ముందుకు కదలనివ్వవు.

నాది మెత్తటి గొంతు, వయసులో చిన్నదాన్ని. గట్టిగా అరవడం రానివాళ్లకి ఇది సరిపోతుందా?

బాగా సరిపోతుంది. సైన్యంలో రేడియో మీద మాట్లాడే పద్ధతి వినండి: చిన్న వాక్యాలు, ఒకే వేగం, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో ముందే చెప్పడం, విన్నది తిరిగి చెప్పించుకోవడం. కాల్పులు జరుగుతున్నప్పుడు గొంతు ఎంత స్థిరంగా ఉంటే అవతలివాళ్లకి అంత ధైర్యం. 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక మన ఆర్మీలో మహిళా ఆఫీసర్లు పర్మనెంట్ కమిషన్‌తో (రిటైర్మెంట్ దాకా సర్వీసుతో) యూనిట్లని కమాండ్ చేసే స్థాయికి వచ్చారు, వాళ్ల మాట చెల్లేది అరుపుల వల్ల కాదు. మీరు చెప్పింది జరుగుతుందని, మాటిస్తే నిలబడతారని టీమ్‌కి తెలిస్తే చాలు.

ఒక లీడ్ కింద ఎంతమంది ఉండొచ్చు?

పది దాటనివ్వకండి. మన ఆర్మీలో అన్నిటికంటే చిన్న దళం సెక్షన్, అందులో ఉండేది పది మంది దాకా. అమెరికాలో అగ్నిప్రమాదాలు, తుఫాన్లప్పుడు వాడే పద్ధతిలో ఒకరి కింద 3 నుంచి 7 మంది ఉండాలంటారు, 5 అయితే బాగా నడుస్తుంది. పదిహేను మందిని ఒకరికి అప్పగించారంటే అక్కడ లీడ్ ఉన్నట్టు కాదు, హాజరు పట్టీ ఉన్నట్టు.

'లీడర్ చివర తినాలి' అంటారు కదా, అది ఆఫీసులో ఎలా?

డెహ్రాడూన్‌లో ఇండియన్ మిలటరీ అకాడమీ 1932లో మొదలైంది. ఆ డిసెంబర్‌లో ఫీల్డ్ మార్షల్ చెట్వుడ్ చేసిన ప్రసంగంలోని మాటలు ఇప్పటికీ అక్కడి కేడెట్లు కంఠతా నేర్చుకుంటారు: దేశ భద్రత, గౌరవం, క్షేమం ఎప్పుడూ ముందు, మీ కింద పనిచేసేవాళ్ల గౌరవం, క్షేమం, సౌకర్యం తర్వాత, మీ సొంత సుఖం, భద్రత ఎప్పుడూ చివర.

ఆఫీసులో దీన్ని చూపించే చోటు ఆన్-కాల్ రోస్టర్. సంక్రాంతికి ఎవరు ఊరెళ్తారు, ఎవరు ల్యాప్‌టాప్ పట్టుకుని కూర్చుంటారు అన్నప్పుడు మీ పేరు ముందు రాయండి. కొత్త మెషీన్లు వస్తే పాతదానితో కష్టపడుతున్నవాళ్లకి ముందు వెళ్లాలి. ఇంట్లో పెద్దవాళ్లు ఆసుపత్రిలో ఉంటే సెలవు అడిగేదాకా ఆగకుండా మీరే ఇంటికి పంపాలి. రేటింగుల మీటింగ్‌లో గది బయట ఉన్న మనిషి కోసం గట్టిగా మాట్లాడాలి, అక్కడ మీరు తప్ప వాళ్లకి ఎవరూ లేరు. పిజ్జా తెప్పించి అందరి తర్వాత ఒక ముక్క తీసుకుంటే ఈ బాధ్యత తీరదు.

## పని అప్పగించేటప్పుడు

ఒకటి చెప్తే ఇంకోటి చేసి తెస్తున్నారు. ఎలా చెప్తే సరిగ్గా వస్తుంది?

చాలామంది లీడ్‌లు పనులు చెప్తారు, ఉద్దేశం చెప్పరు. సైన్యంలో ఆర్డర్‌కి ఒక ఖాయమైన వరస ఉంటుంది: పరిస్థితి ఏంటి, లక్ష్యం ఏంటి, ఎలా చేయబోతున్నాం, దానికి కావలసిన సరఫరాలు ఎక్కడివి, ఎవరి మాట చెల్లుతుందో ఎలా మాట్లాడుకోవాలో కలిపి ఒకటి. ఈ ఐదు ముక్కల్లో ఏది వదిలేసినా వినేవాళ్లు ఊహించుకుంటారు. వీటన్నిటిలోకీ ప్రాణం లాంటిది కమాండర్ ఉద్దేశం. ప్లాన్ మొత్తం పాడైపోయినా, రేడియో తెగిపోయినా, ఆ రెండు మూడు వాక్యాలు గుర్తుంటే కిందివాళ్లు సరైన వైపే నడుస్తారు. రెండు అంచెల కింద ఉన్నవాడికి కూడా అది అర్థం కావాలన్నది నియమం.

ఒక ఉదాహరణ చూడండి. 'పేమెంట్స్ డేటాబేస్ మార్చండి' అనేది పని. ఉద్దేశం ఇలా ఉంటుంది:

'దసరా రద్దీ మొదలయ్యేలోపు పేమెంట్లన్నీ కొత్త డేటాబేస్ మీద నడవాలి, పాతది ఆ రద్దీని మోయలేదు. ఏ కస్టమర్‌కీ డబ్బు రెండుసార్లు కట్ కాకూడదు, అన్నిటికంటే ఇదే ముఖ్యం. అవసరమైతే అర్ధరాత్రి ఒక గంట సర్వీస్ ఆపొచ్చు. లోపలి రిపోర్టులు ఒక వారం ఆలస్యమైనా పర్లేదు.'

ఇది చదివిన ఇంజనీర్‌కి మధ్యలో ఏదైనా అడ్డం వస్తే మిమ్మల్ని అడగాల్సిన పని చాలావరకు ఉండదు, దేన్ని వదులుకోవచ్చో దేన్ని వదలకూడదో మీరే రాసిచ్చారు కాబట్టి. 'అన్నీ ముఖ్యమే' అని రాస్తే మాత్రం ఉద్దేశం రాయనట్టే, ఆ నిర్ణయం తీసుకోవాల్సిన భారాన్ని మీరు వాళ్ల మీదకి తోసేశారు.

'అర్థమైంది' అంటారు, తీరా చూస్తే అర్థం కాలేదు. ఏం చేయాలి?

'అర్థమైందా?' అని అడగడం మానేయండి. మన దగ్గర పెద్దవాళ్ల ముందు కాలేదు అని చెప్పడం మొహమాటం, ఎవరైనా ఔననే అంటారు. సైన్యంలో ఆర్డర్ విన్న జూనియర్ తిరిగి తన మాటల్లో చెప్పాలి: నా పని ఇది, దీన్ని ఇలా చేద్దామనుకుంటున్నాను, నాకు ఇవి కావాలి. మన ఆర్మీలో పెద్ద పనులకి నేల మీద ఇసుకతో కొండలు, దారులు, నదులు తీర్చి శాండ్ మోడల్ చేస్తారు, ప్రతివాడూ తను ఎక్కడ ఉంటాడో దాని మీద చూపిస్తాడు. తేడాలన్నీ అక్కడే బయటపడతాయి.

టీమ్‌లో అయితే పని అప్పగించిన మర్నాడు పావుగంట పెట్టుకోండి. వాళ్లు వైట్‌బోర్డ్ మీద గీస్తూ చెప్పాలి, మీరు వినాలి. వాళ్లు తప్పు చెప్తే మీరు సరిగ్గా చెప్పలేదనే లెక్క, అలా తీసుకుంటేనే వచ్చేసారి దాచకుండా చెప్తారు.

ఎంత ప్లాన్ చేసినా రెండు వారాలకే పాడైపోతోంది. ఇంక ప్లాన్ ఎందుకు?

శత్రువు ప్రధాన బలంతో మొదటి ఢీ దాటాక ఏ ప్లానూ ఖాయంగా నిలబడదన్నది మోల్ట్కె మాటే. అలాగని ఆయన ప్లాన్లు వేయడం మానలేదు, రైళ్ల టైమ్‌టేబుళ్లతో సహా వేయించాడు. ప్లాన్ వేస్తున్నప్పుడు 'ఇది ఇలా జరగకపోతే?' అని అందరూ కలిసి ఆలోచిస్తారు చూడండి, దాని విలువ పోదు. మొదటి రెండు వారాలు వివరంగా, ఆ తర్వాతది లక్ష్యాలుగా మాత్రమే రాసుకోండి. బయటి కంపెనీ ఏపీఐ సమయానికి రాకపోతే ఏం చేస్తాం, లోడ్ టెస్ట్ ఫెయిలైతే ఏ ఫీచర్ వదిలేస్తాం, ఈ రెండు మూడు 'ఒకవేళ'లకి జవాబు ముందే ఉంటే చాలు.

పైవాళ్లు అసాధ్యమైన డెడ్‌లైన్ ఇస్తే 'కుదరదు' అనొచ్చా?

అనాలి, కానీ ఆ ఒక్క మాటతో ఆపకూడదు. 1971 ఏప్రిల్‌లో తూర్పు పాకిస్తాన్ మీదకి వెంటనే వెళ్లగలమా అని ఇందిరా గాంధీ అడిగినప్పుడు ఆర్మీ చీఫ్ మానెక్‌షా సిద్ధంగా లేమని చెప్పారు. ఆయన తర్వాత చెప్పుకున్నదాని ప్రకారం కారణాలు ఒక్కొక్కటీ ముందు పెట్టారు: వానలు మొదలైతే అక్కడ నదులు సముద్రాల్లా పొంగుతాయి, హిమాలయాల్లో కనుమలు తెరుచుకుని ఉంటాయి కాబట్టి చైనా కదిలితే ఆపడం కష్టం, ట్యాంకులు, బళ్లు సరిపడా సిద్ధంగా లేవు. కావాలంటే రాజీనామా ఇస్తానన్నారు, టైమ్ ఇస్తే గెలుపు ఖాయమనీ అన్నారు. డిసెంబర్ 3న యుద్ధం మొదలైంది, 16న ఢాకాలో లొంగుబాటు, యుద్ధ ఖైదీలు దాదాపు 93,000 మంది.

మీ మేనేజర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ వరసే పాటించండి. ఎందుకు కుదరదో లెక్కలతో, ఎప్పటికి కుదురుతుందో తేదీతో, ఈలోపు ఏం కావాలో పేర్లతో చెప్పండి. చెప్పాక కూడా పైవాళ్లు ఆ తేదీకే చేయాలంటే, ఏది వదిలేసి చేస్తున్నామో రాతలో పెట్టి, ఆ తర్వాత మనస్ఫూర్తిగా చేయండి. బయటికి వచ్చి టీమ్ ముందు 'నాకూ ఇష్టం లేదు, పైవాళ్లు చెప్పారు' అనడం మాత్రం వద్దు, ఆ మాటతో ఎవరికీ మేలు జరగదు.

## పని నడుస్తున్నప్పుడు

ప్రొడక్షన్ (కస్టమర్లు వాడే అసలు సిస్టమ్) పడిపోతే కాల్‌లో ఇరవై మంది ఒకేసారి మాట్లాడతారు. ఎవరు నడపాలి?

ఒక్కరే నడపాలి. 1970లో కాలిఫోర్నియాలో 13 రోజులపాటు అడవులు, ఊళ్లు తగలబడ్డాయి, 16 మంది చనిపోయారు. వచ్చిన ఫైర్ సిబ్బంది తక్కువేం కాదు, కానీ ఒక్కో సంస్థది ఒక్కో రేడియో, ఒక్కో పరిభాష, ఎవరి కింద ఎవరున్నారో తెలియదు. ఆ అనుభవంతో సైన్యం తరహా కమాండ్ వరసని అరువు తెచ్చుకుని ఇన్సిడెంట్ కమాండ్ సిస్టమ్ తయారుచేశారు, ఇవాళ పెద్ద టెక్ కంపెనీలు సర్వర్ సమస్యలకి వాడే పద్ధతికి మూలం అదే.

ఇన్సిడెంట్ కమాండర్, అంటే ఆ కాల్ నడిపే మనిషి, కీబోర్డ్ ముట్టుకోకూడదు, లాగ్స్‌లోకి (సిస్టమ్ తనే రాసుకునే రికార్డుల్లోకి) తల దూర్చిన క్షణం నుంచి పరిస్థితి మొత్తం చూసే కళ్లు లేవు. ఒకరు సరిచేస్తారు, ఒకరు కస్టమర్లకీ పైవాళ్లకీ కబురు పంపుతుంటారు, ఒకరు ఏ నిమిషానికి ఏం చేశామో రాస్తుంటారు. డైరెక్టర్ కాల్‌లోకి వచ్చినా కమాండర్ మారడు, మారాలంటే ఆ మాట పైకి చెప్పి తీసుకోవాలి. శిక్షణ విమానంలో పైలట్లు 'కంట్రోల్స్ నా దగ్గర', 'కంట్రోల్స్ నీ దగ్గర' అని పైకి అనుకుంటారు చూడండి, షిఫ్ట్ మారేటప్పుడు మీరూ అంత స్పష్టంగా అనాలి. అవతలివాళ్లు తీసుకున్నానని చెప్పేదాకా వదలకూడదు.

జూనియర్‌కి ప్రమాదం కనబడింది, అయినా నోరు మెదపలేదు. ఎలా మార్చాలి?

1977 మార్చి 27న కానరీ దీవుల్లో టెనెరిఫె రన్‌వే మీద పొగమంచులో రెండు 747 విమానాలు ఢీకొని 583 మంది చనిపోయారు. టేకాఫ్ మొదలుపెట్టిన విమానంలో ఫ్లైట్ ఇంజనీర్ అవతలి విమానం రన్‌వే వదిలిందా అని అడిగాడు. కెప్టెన్ ఆ విమాన సంస్థలో శిక్షణ ఇచ్చే పెద్ద పైలట్, వదిలిందని ధీమాగా చెప్పేశాడు. రెండోసారి ఎవరూ అడగలేదు. తర్వాతి ఏళ్లలో పౌర విమానాల్లోనూ వాయుసేనల్లోనూ కెప్టెన్‌ని ఎదురు ప్రశ్నించడం ఎలాగో నేర్పడం మొదలుపెట్టారు. విమానవాహక నౌక డెక్ మీద అయితే ఇంకా గట్టి నియమం ఉంది: ప్రమాదం కనబడితే అందరికంటే చిన్న హోదా ఉన్న నావికుడు కూడా పని ఆపించొచ్చు.

మీ టీమ్‌లోనూ అలాంటి హక్కు రాసి పెట్టండి: డిప్లాయ్ ఎవరైనా ఆపొచ్చు, కారణం తర్వాత చెప్పొచ్చు. అసలు పరీక్ష ఆపిన తర్వాత వస్తుంది. ఇంటర్న్ ఆపాడు, చూస్తే ఏ సమస్యా లేదు, అరగంట పోయింది. అప్పుడు మీ మొహం చూసి టీమ్ అంతా నిర్ణయించుకుంటుంది, ఇకమీదట ఆపాలా వద్దా అని. అందరి ముందు థాంక్స్ చెప్పండి.

మైక్రోమేనేజ్ చేయొద్దంటారు. చూడకపోతే టెన్షన్. మరి ఎలా?

వియత్నాంలో హెలికాప్టర్లు చేతికొచ్చాక అమెరికన్ ఆర్మీకి ఈ జబ్బే పట్టింది. కింద అడవిలో కంపెనీ కమాండర్ కాల్పుల మధ్య ఉంటే, పైన బెటాలియన్ కమాండర్, ఆయన మీద బ్రిగేడ్ కమాండర్, ఒక్కోసారి ఇంకా పైన డివిజన్ కమాండర్ హెలికాప్టర్లలో తిరుగుతూ రేడియోలో సూచనలిచ్చేవాళ్లు. పైనుంచి అంతా తేలిగ్గా కనిపిస్తుంది, కింద చెట్ల మధ్య ఉన్నవాడికి పది అడుగుల అవతల ఏముందో తెలియదు. డ్యాష్‌బోర్డులు, చాట్ ఛానెళ్లు మన హెలికాప్టర్లు.

చూడటం మానక్కర్లేదు, దేనికి జోక్యం చేసుకుంటారో ముందే చెప్పాలి. కమాండర్లు ఒక చిన్న జాబితా ఇస్తారు, ఫలానా కబురు వస్తే ఎంత రాత్రయినా నన్ను లేపండి అని. మీరూ రాయండి: కస్టమర్ డేటా బయటికి పోయింది, డబ్బు లెక్క తప్పింది, తేదీ మూడు రోజులకి మించి జరిగేలా ఉంది, టీమ్‌లో ఒకరి ఆరోగ్యం బాలేదు. ఈ జాబితాలో లేనివి వాళ్లే తేల్చుకుంటారు, వారానికి ఒకసారి మీకు చెప్తారు. ఇలా చేస్తే వాళ్లకీ ఊపిరాడుతుంది, మీకూ నిద్ర పడుతుంది.

## పని అయ్యాక

రెట్రో (పని అయ్యాక చేసే సమీక్ష) పెడితే 'అంతా బాగుంది' అంటారు, లేదా ఒకరి మీద ఒకరు నెట్టుకుంటారు. ఎలా నడపాలి?

కాలిఫోర్నియాలో మొహావే ఎడారిలో ఫోర్ట్ ఇర్విన్ అనే చోట అమెరికన్ ఆర్మీకి శిక్షణ కేంద్రం ఉంది. 1980ల మొదటి నుంచి అక్కడికి బ్రిగేడ్లు వచ్చి, అక్కడే స్థిరంగా ఉండే 'శత్రు' దళంతో లేజర్ పరికరాల సాయంతో పోరాడతాయి, చాలాసార్లు ఓడిపోతాయి కూడా. పోరు అయిన వెంటనే, దుమ్ము కూడా దులుపుకోకుండా కూర్చుని నాలుగు ప్రశ్నలు వేసుకుంటారు: ఏం జరగాలనుకున్నాం, నిజంగా ఏం జరిగింది, ఎందుకు తేడా వచ్చింది, వచ్చేసారి ఏది అలాగే ఉంచి ఏది మార్చాలి.

ఇందులో మనవాళ్లు వదిలేసేది మొదటి ప్రశ్న. ఏం జరగాలనుకున్నామో అందరూ ఒకేలా చెప్పలేకపోతే, సగం కారణం అక్కడే దొరికింది. రెండో ప్రశ్నకి అభిప్రాయాలతో పని లేదు, అక్కడ లేజర్ రికార్డులు ఉన్నట్టు మీ దగ్గర లాగ్స్ ఉన్నాయి, టైమ్‌లైన్ తెర మీద పెట్టాకే మాట్లాడండి. హోదా పక్కన పెట్టి, లీడ్ ముందుగా తన నిర్ణయాల్లో ఏది దెబ్బ తీసిందో చెప్తే మిగతావాళ్ల నోళ్లు తెరుచుకుంటాయి. ఒకటో రెండో మార్పులు, ఎదురుగా పేరు, తేదీ. పద్నాలుగు పాయింట్లు రాసుకుంటే ఒక్కటీ జరగదు. ఇక ఇది రెండు వారాల తర్వాత కాదు, అదే రోజు లేదా మర్నాడు.

తప్పు చేసినవాళ్లకి శిక్ష లేకపోతే క్రమశిక్షణ ఎలా వస్తుంది?

తెలిసి నియమం తొక్కిన మనిషి వేరు, ఎవరు ఆ సీట్లో ఉన్నా చేసే పొరపాటు వేరు. మొదటిదానికి పర్యవసానం ఉండాలి. రెండోదానికి మనిషిని శిక్షిస్తే వచ్చేసారి తప్పు దాక్కుంటుంది.

1963 ఏప్రిల్ 10న థ్రెషర్ అనే అమెరికన్ జలాంతర్గామి లోతు పరీక్షలో మునిగి 129 మంది పోయారు. ఆ ఏడాదే నేవీ సబ్‌సేఫ్ అనే కార్యక్రమం పెట్టింది: లోపలికి నీరు రాగల ప్రతి కీలక భాగానికీ ఏ లోహం వాడారు, ఎవరు అతికారు, ఎవరు పరీక్షించారు అన్న రుజువు కాగితం మీద ఉండాలి, లేకపోతే లోతుకి వెళ్లనివ్వరు. ఆ ధ్రువీకరణ పొందిన జలాంతర్గామి ఒక్కటి కూడా ఇప్పటిదాకా మునిగిపోలేదు. క్రమశిక్షణ అంటే నా దృష్టిలో ఇదీ. ప్రొడక్షన్ డేటాబేస్‌ని ఒక తప్పు కమాండ్‌తో చెరిపేయగలిగితే, అది కొట్టిన వేలు గురించి కాకుండా అలా కొట్టనిచ్చిన పర్మిషన్ గురించి మాట్లాడాలి.

ఫెయిలైతే నేను మోయాలా? సక్సెస్ అయితే నాకేం మిగులుతుంది?

మోయాలి. రెండో ప్రపంచ యుద్ధంలో నార్మండీ దాడికి ముందు, దాన్ని నడిపిన అమెరికన్ జనరల్ ఐజన్‌హోవర్ ఒక చిన్న చీటీ రాసి దగ్గర పెట్టుకున్నాడు, దాడి విఫలమైతే తప్పేదైనా ఉంటే అది తన ఒక్కడిదేనని. మన శ్రీహరికోటలో 1979 ఆగస్టు 10న ఎస్‌ఎల్‌వి-3 రాకెట్ విఫలమైనప్పుడు ఇస్రో ఛైర్మన్ సతీష్ ధావన్ తానే విలేకరుల ముందు కూర్చున్నారు, 1980 జూలై 18న అది ఎగిరినప్పుడు మాట్లాడమని ఆ ప్రాజెక్టు నడిపిన కలాంని పంపారు. మీకు మిగిలేది, తర్వాతి కష్టమైన పనికి మీ టీమ్ మీతో రావడం.

## మనుషులు, దూరాలు

ఆర్మీ సర్వీస్ అయిపోయి కంపెనీలో చేరాను. చెప్పిన పని వెంటనే చేయకుండా 'ఎందుకు' అని అడుగుతున్నారు. క్రమశిక్షణ లేదా వీళ్లకి?

ఉంది, వేరే రూపంలో ఉంది. ఇంజనీర్లకి 'ఎందుకు' అని అడగడం పనిలో భాగం, అలా అడిగేవాళ్లే మంచి డిజైన్ ఇస్తారు. మీరు యూనిట్‌లో ఆపరేషన్‌కి ముందు బ్రీఫింగ్ ఎలా ఇచ్చేవారో అలాగే ఇక్కడా ఇవ్వండి, వాళ్లకి కావలసింది అదే. సికింద్రాబాద్‌లో ఈఎంఈ (ఆర్మీలో యంత్రాల మరమ్మతు విభాగం) శిక్షణ పొంది, ట్యాంకులు, రాడార్లు బాగుచేసి వచ్చినవాళ్లకి లోపం ఎక్కడుందో వరసగా వెతకడం, రికార్డు రాయడం, విడిభాగాల లెక్క చేతి మీద ఉంటాయి. హోదా గురించి తక్కువ, ఆ పని గురించి ఎక్కువ చెప్పండి.

వాళ్లని తీసుకున్న లీడ్‌లకి ఒక మాట: పిలిచేదాకా అభిప్రాయం చెప్పకూడదన్న మర్యాద వాళ్లలో ఉంటుంది. మీటింగ్‌లో పేరు పెట్టి అడగండి.

సగం టీమ్ హైదరాబాద్‌లో, సగం డాలస్‌లో. నమ్మకం ఎలా కుదురుతుంది?

ఇరాక్‌లో అమెరికన్ ప్రత్యేక దళాలని నడిపిన జనరల్ మెక్‌క్రిస్టల్ పక్క సంస్థలకి లైజన్లుగా (రెండు వైపులా కబురు నడిపే మనుషులుగా) తన దగ్గరున్న మంచి మనుషులనే పంపేవారు, పోతే తన టీమ్‌కి లోటు తెలిసేంత మంచివాళ్లని. రెండు ఆఫీసుల మధ్య కూడా ఖాళీగా ఉన్న మనిషిని కాదు, బాగా పనిచేసే మనిషిని మూణ్ణెల్లు అటు పంపండి, అటునుంచి ఒకరిని రప్పించండి. రోజూ సాయంత్రం అప్పగించే నోట్ చిన్నదిగా ఉండాలి: ఇప్పుడు పరిస్థితి, నేను చేసింది, మిగిలింది, నేనైతే తర్వాత ఏం చేస్తానో. అర్ధరాత్రి మీటింగులు ఎప్పుడూ హైదరాబాద్‌వాళ్ల వంతే అవుతుంటే ఏ నోట్ కూడా నమ్మకం తేలేదు, నెలకోసారి ఆ వంతు మార్చండి.

## మీరు పక్కకి జరిగేటప్పుడు

నేను వారం సెలవు పెడితే టీమ్ ఆగిపోతోంది. ఏం చేయాలి?

సైన్యంలో ఆర్డర్ ఇచ్చేటప్పుడే కమాండర్ పడిపోతే ఎవరు తీసుకుంటారో, ఆయన తర్వాత ఎవరో చెప్పేస్తారు. యూనిట్‌లో సెకండ్-ఇన్-కమాండ్ అనే పదవే ఉంటుంది, ఆయనకి అన్నీ తెలిసి ఉండాలి. మీ తర్వాత ఎవరో ఇవాళే పేరు చెప్పండి, ఆ మనిషికీ టీమ్‌కీ మీ మేనేజర్‌కీ తెలిసేలా. పాస్‌వర్డులు, కాంట్రాక్టుల తేదీలు, ఏ క్లయింట్‌తో ఎలా మాట్లాడాలి, ఎవరి జీతం విషయం పెండింగ్‌లో ఉంది, ఇవన్నీ మీ తలలోంచి బయటికి రావాలి. ముందు రెండు రోజుల సెలవుతో మొదలుపెట్టండి, ఫోన్ ఇంట్లో పెట్టి ఊరెళ్లండి. తిరిగొచ్చాక వాళ్లు తీసుకున్న నిర్ణయం మీకు నచ్చకపోయినా, టీమ్‌కి హాని లేకపోతే దాన్ని తిరగేయకండి. ఎందుకు అలా చేశారో మాత్రం కూర్చుని వినండి, ఎందుకంటే మీరు రాసిచ్చిన ఉద్దేశంలో ఏది లోపించిందో ఆ జవాబులోనే దొరుకుతుంది.